చెవులతో చూసేది, కళ్ళతో చూసేది: ఇంటిల్లిపాదికీ ఒక కామెడీ సిరీస్, ఒక యానిమేషన్ సినిమా

బెంగళూరు తెలుగు ఇంట్లో టీవీ ముందు నలుగురు కూర్చుంటే నాలుగు రకాల భాషలు కూర్చున్నట్టే. అనంతపురం నుంచో మదనపల్లె నుంచో వచ్చి ఆర్నెల్లు ఉండే అమ్మమ్మకి తెలుగే. కన్నడం సగం అర్థమవుతుంది, ఇంగ్లిష్ అస్సలు వద్దు. ఆఫీసు నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలకి ఇంగ్లిష్, హిందీ రెండూ నడుస్తాయి. తొమ్మిదేళ్ళ పిల్లకి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. స్కూల్లో కన్నడ అక్షరాలు దిద్దింది కాబట్టి తెలుగు బోర్డు కనపడితే కూడబలుక్కుని చదివేస్తుంది గానీ, తెరమీద రెండు సెకన్లు నిలిచి మాయమయ్యే అక్షరాల్ని పట్టుకోలేదు. నాలుగేళ్ళ పిల్లాడు ఏ భాషా చదవలేడు, నిమిషానికోసారి "ఏమంటున్నాడు?" అని అడగగలడు.

అందుకే రేటింగులు చూసి, "తప్పక చూడాల్సిన పది" లాంటి జాబితాలు చూసి ఎంచుకుంటే ఈ ఇంట్లో పని జరగదు. చూడాల్సింది రెండే విషయాలు. హాల్లో ఎవరి చెవికి ఏ భాష ఎక్కుతుంది? ఎవరి కళ్ళు ఖాళీగా ఉన్నాయి? రెండోది చాలామంది లెక్కలోకి తీసుకోరు. చిక్కుడుకాయ ఈనెలు తీస్తూనో, చలికాలంలో పితికిపప్పు కోసం అనపగింజలు పిదుకుతూనో, మధ్యలో కుక్కర్ కట్టేయడానికి లేచి వెళ్తూనో టీవీ చూసేవాళ్ళు నిజానికి సగం వింటుంటారు. వాళ్ళకి చూపులతో నవ్వించే సిరీస్ పెడితే ఆ రాత్రి వృథా.

తొందరలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తే: హాల్లో అందరూ ఉంటే కామెడీకి ‘అమృతం’, సినిమాకి ‘ఫ్లో’. పిల్లలూ పెద్దవాళ్ళూ పడుకున్నాక ఇద్దరే మిగిలితే ‘డిటెక్టరిస్ట్స్’. నాలుగైదేళ్ళ పిల్లలే ముఖ్యమైతే ‘మై నైబర్ టొటొరో’. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మధ్యవాళ్ళు, ఇంగ్లిష్ అర్థమయ్యేవాళ్ళయితే ‘ది ఐరన్ జయంట్’. ఎందుకో, ఎక్కడ బెడిసికొడుతుందో కింద ఉంది.

ముందు కామెడీ సంగతి

వీటిలో తెలుగువాళ్ళు అతి తక్కువగా చూసింది ‘డిటెక్టరిస్ట్స్’. చూసినవాళ్ళు మాత్రం వదలకుండా పదిమందికీ చెబుతుంటారు. బీబీసీ ఫోర్‌లో 2014, 2015, 2017లో మూడు సీజన్లు వచ్చింది. సీజన్‌కి ఆరు ఎపిసోడ్లు, ఒక్కోటి దాదాపు అరగంట. 2015 క్రిస్మస్‌కి ఒక ప్రత్యేక ఎపిసోడ్, 2022లో ఇంకో పొడుగాటిది. రాసింది, దర్శకత్వం వహించింది మెకెంజీ క్రూక్. ఇద్దరు ముఖ్యపాత్రల్లో ఒకడు ఆయనే, రెండోవాడు టోబీ జోన్స్. 2015లో బాఫ్టా (బ్రిటన్‌లో సినిమాలకీ టీవీకీ అవార్డులిచ్చే సంస్థ) వాళ్ళ కామెడీ అవార్డు కూడా వచ్చింది. అయినా ఇంగ్లండు దాటాక దీని పేరు విన్నవాళ్ళు తక్కువే.

కథ ఒక్క ముక్కలో చెప్పాలంటే లంకెబిందెల వేట. ఆండీ, లాన్స్ అనే ఇద్దరు స్నేహితులు లోహాన్ని పసిగట్టే యంత్రాలు చేతపట్టుకుని ఇంగ్లండు పల్లెటూరి పొలాల్లో తిరుగుతుంటారు. వాళ్ళ ఆశ వెయ్యేళ్ళ కిందటి సాక్సన్ రాజుల కాలం నాటి బంగారం. వాళ్ళకి దొరికేవి గుండీలు, మేకులు, కూల్‌డ్రింక్ టిన్ను మూత లాగినప్పుడు ఊడొచ్చే రింగులు. ఇక్కడే ఈ సిరీస్ గుణం తెలుస్తుంది. ఆ రింగు దొరికినవాడు విసిరిపారేయడు. మట్టి తుడిచి, వెలుతురుకి పట్టి చూసి, అది ఏ కాలంలో వచ్చిన ఏ డ్రింకుదో పురావస్తు శాఖ అధికారి శాసనం చదివినంత గంభీరంగా తేలుస్తాడు. పక్కవాడు కూడా నవ్వడు, తలూపుతాడు. నవ్వాల్సింది మనం. కిందపడటాలు, చెంపదెబ్బలు, వెనక నవ్వుల టేపు, ఏవీ ఉండవు.

రాయలసీమ వాళ్ళకి దీన్ని పరిచయం చేయడం చాలా తేలిక. తొలకరి వానలు పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి వైపు, అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపు జనం పొలాల్లో తలలు వంచుకుని వజ్రాల కోసం నడుస్తారు కదా, అదే ఇది. ఇంగ్లండులో, చేతిలో యంత్రంతో. పొద్దున్నించీ వంగి నడిచి సాయంత్రం ఉత్త చేతులతో తిరిగొస్తూ "రేపు ఆ గట్టు పక్క చూద్దాం" అనుకునే మనిషి మనసు తెలిసినవాళ్ళకి ఈ సిరీస్ వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. మన దగ్గర 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకి మించిన విలువైనది దొరికితే కలెక్టరుకి చెప్పాలి. అక్కడా ఇలాంటి చట్టమే ఒకటుంది, వీళ్ళకి ఆ చట్టమంటే భక్తి. దొరికినదాన్ని దాచేసుకునేవాళ్ళంటే అసహ్యం. పొలాల మీద పోటీకొచ్చే ఇంకో జట్టుతో గొడవలన్నీ ఆ పట్టింపులోంచే పుడతాయి.

బెడిసికొట్టేది ఎక్కడ? మొదటి రెండు ఎపిసోడ్లలో. ఫోన్ చేతిలో ఉంటే "ఏమీ జరగట్లేదు" అనిపిస్తుంది. నిజమే, జరగదు. హాస్యమంతా మాటకీ మాటకీ మధ్య ఆగే ఆ అర సెకనులో, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా ఉండటంలో ఉంటుంది. మూడో ఎపిసోడ్ దాకా ఫోన్ వేరే గదిలో పెట్టి చూసి, అప్పటికీ ఎక్కకపోతే వదిలేయండి, ఇక ఎక్కదు. రెండోది, యాస. తూర్పు ఇంగ్లండు యాసలో నోట్లోనే గొణిగే మాటలు ఎంత ఇంగ్లిష్ వచ్చినవాళ్ళకైనా జారిపోతాయి, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ మొదటి నిమిషం నుంచే పెట్టుకోండి. మూడోది, పబ్బుల్లో బీరు, అక్కడక్కడా బూతు మాట. పిల్లల్ని పక్కన పెట్టుకుని చూసేది కాదు. ఒక సీజన్ మొత్తం కలిపి మూడు గంటలే కాబట్టి, రాత్రికొకటి చొప్పున ఆరు రాత్రుల్లో అయిపోతుంది. వరసగా మూడు చూస్తే మాత్రం రుచి చెడుతుంది. మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ చివరి నిమిషం ఎవరూ చెప్పకముందే చూసేయండి.

ఇది కళ్ళతో చూసే కామెడీ. దీనికి పూర్తిగా ఎదురు ఒడ్డున ఉన్నది ‘అమృతం’.

తెలుగువాళ్ళకి ‘అమృతం’ పరిచయం చేయడం దండగే గానీ, బెంగళూరులో పుట్టి పెరిగిన పిల్లలకి అది పేరు కూడా తెలియని వస్తువు. ఆ లెక్కన మన ఇళ్ళలోనే దానికి గుర్తింపు తగ్గిపోయింది. గుణ్ణం గంగరాజు సృష్టి. 2001 నుంచి 2007 దాకా ఆదివారం రాత్రి జెమినీ టీవీలో వచ్చింది. మూడు వందలకు పైగా ఎపిసోడ్లు. హోటల్ నడపలేక నడిపే అమృతం, వాడి పక్కన ఆంజనేయులు, సర్వర్ సర్వం, అద్దె అడిగే అప్పాజీ. ఈ నలుగురి గొంతులు చాలు, తెర చూడక్కర్లేదు. వంటింట్లో ఉన్నవాళ్ళు కూడా సరైన చోట నవ్వుతారు, ఎందుకంటే హాస్యం మొత్తం మాటలో ఉంది. అప్పాజీగా శివన్నారాయణ ఒక వాక్యాన్ని సాగదీసి ఆపే తీరు, ఆంజనేయులుగా గుండు హనుమంతరావు అమాయకంగా తప్పు చోట ఒప్పుకోవడం, రేడియో నాటకంలా విన్నా పనిచేస్తాయి.

పిల్లల దగ్గర చిక్కొచ్చేదీ ఆ మాట దగ్గరే. శ్లేషలు, సామెతలు, అప్పటి సినిమాల పేర్ల మీద ఎత్తిపొడుపులు. తెలుగు ఇంట్లో మాత్రమే వినే పిల్లకి మూడింట ఒకటి అందదు. ప్రతి జోకునీ ఆపి వివరిస్తే జోకు చచ్చిపోతుంది. ఎపిసోడ్‌కి ఒక్కటే మాట ఎంచుకుని, అయిపోయాక చెప్పండి. పిల్లలు రెండో వారం నుంచి వాళ్ళే అడుగుతారు. ఇంకో సంగతి ముందే చెప్పి పెట్టండి: అమృతం పాత్రలో మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్ కనిపిస్తారు. చెప్పకపోతే "ఈయనెవరు? ఆయనేడి?" అనే ప్రశ్నతో సగం ఎపిసోడ్ పోతుంది. వరసలోనే చూడాలన్న నియమం లేదు, చాలా ఎపిసోడ్లు దేనికవే నిలబడతాయి. సిరివెన్నెల రాసి కల్యాణి మాలిక్ స్వరపరచిన టైటిల్ పాటని మాత్రం దాటేయకండి. పిల్లలకి ముందు పట్టుబడేది అదే.

యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు కాపీ ఎంచుకోవడంలో జాగ్రత్త. ఇది పాత 4:3 కొలతలో తీసింది, అంటే బొమ్మకి రెండు పక్కలా నల్లటి పట్టీలు ఉండాలి. కొందరు అప్‌లోడ్ చేసేవాళ్ళు తెర నిండాలని అడ్డంగా సాగదీస్తారు. గుండు హనుమంతరావు ముఖం ఇడ్లీ నుంచి ఊతప్పం అవుతుంది. ఇంకొందరు పైనా కిందా కత్తిరిస్తారు, అప్పుడు తలలు తెగుతాయి. కాపీ సరిగ్గానే ఉన్నా మీ టీవీయే సాగదీస్తుంటే పిక్చర్ సైజు సెట్టింగులో 4:3 పెట్టండి, లేదా ‘ఒరిజినల్’ అని ఉంటే అది. గొంతులు సన్నగా, కీచుగా వినిపిస్తే ఆ కాపీ వేగం మార్చి ఎక్కించినది, వేరేది వెతకండి.

హిందీ వచ్చిన ఇంట్లో మధ్యేమార్గం ‘ఆఫీస్ ఆఫీస్’. 2001లో సబ్ టీవీలో మొదలైంది. పంకజ్ కపూర్ వేసిన ముసద్దీలాల్ ఏదో ఒక చిన్న పని కోసం ప్రభుత్వ కార్యాలయానికి వెళ్తాడు, అంతే కథ. తమాషా ఏమిటంటే కార్యాలయం ఏదైనా బల్లల వెనక అదే గుంపు ఉంటుంది: ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండే భాటియా, శుక్లా, పటేల్, పాండే, ఉషాజీ. మున్సిపాలిటీ రికార్డుల్లో ఇంటి ఖాతా తన పేరుకి మార్చుకోడానికి ఏ ఊళ్ళోనైనా తిరిగినవాళ్ళకి భాష సగం రాకపోయినా విషయం మొత్తం తెలుస్తుంది. అమ్మమ్మకి కూడా రెండు మాటల్లో చెప్పేయొచ్చు. ‘సారాభాయ్ వర్సెస్ సారాభాయ్’ (స్టార్ వన్, 2004) ఇంతకంటే పదునైనది. వచ్చిన కొత్తలో రేటింగులు లేక, తర్వాతి తరం నెత్తిన పెట్టుకున్న సిరీస్. రత్నా పాఠక్ షా వేసిన అత్తగారు కోడలి మధ్యతరగతి అలవాట్ల మీద వేసే ప్రతి విసురూ ఇంగ్లిష్ కలిసిన హిందీలో నడుస్తుంది, కాబట్టి రెండూ బాగా రావాలి. ఊరి నుంచి అత్తగారు దిగిన మొదటి వారంలో మాత్రం దీన్ని పెట్టకండి. ఎవరు ఎక్కడ నవ్వారో గుర్తుపెట్టుకునే ఇళ్ళుంటాయి.

సినిమా దగ్గర లెక్క మారుతుంది

పిల్లల సినిమా అనగానే చాలా ఇళ్ళలో డబ్బింగ్ వెతుకుతారు. తెలుగు డబ్బింగ్ ఉన్నవి ఎక్కువగా పెద్ద అమెరికన్ స్టూడియోల సినిమాలు, అవి పిల్లలు ఇప్పటికే పదిసార్లు చూసేసినవి. ఆలోచింపజేసే సినిమాల్లో తెలుగు ట్రాక్ అరుదు. దీనికి ఒక అడ్డదారి ఉంది: అసలు మాటలే లేని సినిమా. అప్పుడు అమ్మమ్మ, నాలుగేళ్ళ పిల్లాడు, ఇంగ్లిష్ మీడియం అక్క ముగ్గురూ ఒకే మెట్టు మీద కూర్చుంటారు. ఎవరూ ఎవరికీ అనువదించక్కర్లేదు.

‘ఫ్లో’ అలాంటిది. 2024లో లాత్వియా నుంచి వచ్చింది. దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్. 85 నిమిషాలు. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేశారు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ తీసుకుంది, ఆ దేశానికి అదే మొదటి ఆస్కార్. లోకమంతా వరద ముంచెత్తుతుంది. మనుషులు కనపడరు, ఏమయ్యారో సినిమా చెప్పదు. ఒక నల్లపిల్లి కొట్టుకొచ్చిన పడవ ఎక్కుతుంది. అందులో అప్పటికే ఒక కాపిబారా ఉంటుంది. తర్వాత ఒక్కొక్కటీ వచ్చి చేరతాయి: లీమర్, కుక్క, సెక్రటరీ పక్షి. జంతువులు మనుషుల్లా మాట్లాడవు, పాటలు పాడవు. పిల్లి పిల్లిలాగే ఉంటుంది, అంటే మొదట్లో ఎవరినీ దగ్గరికి రానివ్వదు. దాని అరుపులు నిజమైన పిల్లులవే. కాపిబారా గొంతు మాత్రం ఒంటెపిల్లది. అసలు కాపిబారా అరుపు ఆ మందగొడి జంతువుకి నప్పలేదట.

పెట్టేముందు రెండు మాటలు చెప్పి పెడితే సినిమా సాఫీగా సాగుతుంది. ఒకటి, కాపిబారా అంటే దక్షిణ అమెరికాలో నీళ్ళ దగ్గర బతికే జంతువు, మన పందికొక్కుకి పెదనాన్న వరస, సాధువు. సెక్రటరీ పక్షి ఆఫ్రికాది, పొడుగు కాళ్ళతో పాముల్ని తొక్కి చంపుతుంది. లీమర్ మడగాస్కర్‌ది, ఇందులో దొరికిన తళుకు వస్తువల్లా పోగేస్తుంది. రెండు, ఇందులో విలన్ లేడు, నీరే కథ. ఇంతే. ఇంకేమీ చెప్పకండి. సినిమా నడుస్తున్నప్పుడు పెద్దవాళ్ళు వ్యాఖ్యానం మొదలుపెట్టడం దీన్ని పాడుచేసే మొదటి తప్పు. పిల్లాడు "అదెందుకు అలా చేసింది?" అంటే "నువ్వేమనుకుంటున్నావ్?" అని తిప్పి అడిగి ఊరుకోండి. మాటలు లేవు కాబట్టి అక్కడ ఖాళీ ఉంటుంది, పిల్లలు తమ మాటల్తో దాన్ని నింపుకుంటారు.

పిల్లి నీళ్ళలో మునిగిపోయే ఘట్టాలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. పక్షుల గుంపు తమలో ఒకదాన్ని గాయపరిచే సన్నివేశం ఉంది. ఐదేళ్ళ లోపు పిల్లలకి ఇవి బరువే. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వరద ఇంట్లోకి రావడం చూసిన పిల్లలో, 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు వైపు ట్రాక్టర్ ఎక్కి అపార్ట్‌మెంట్ దాటిన పిల్లలో ఉంటే ముందు పెద్దవాళ్ళు ఒకసారి చూసి నిర్ణయించండి. పిక్సర్ నునుపుకి అలవాటుపడ్డ పిల్లలు మొదటి పది నిమిషాల్లో "ఇది గేమ్‌లా ఉంది" అంటారు. జంతువుల ఒళ్ళు వెంట్రుక వెంట్రుకగా కాక కుంచె గీతల్లా కనిపించడమే కారణం. నీళ్ళొచ్చాక ఆ మాట మరిచిపోతారు. చివర పేర్లు పడటం పూర్తయ్యేదాకా ఆపకండి, తర్వాత ఇంకో చిన్న దృశ్యం ఉంది. ఓటీటీ యాప్ పేర్లు మొదలవగానే తెరని మూలకి కుదించి ఇంకేదో మొదలెడుతుంది కాబట్టి ఆటోప్లే ముందే తీసేయండి.

ఇంట్లో నాలుగైదేళ్ళ పిల్లలుంటే ‘మై నైబర్ టొటొరో’ వైపు మొగ్గాలి. హయావో మియజాకి, స్టూడియో జిబ్లీ, 1988, 86 నిమిషాలు. అమ్మ ఆసుపత్రిలో ఉంది. నాన్న ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని ఆసుపత్రికి దగ్గర్లో ఉన్న పల్లెటూరికి మారతాడు. పక్కనే పెద్ద కర్పూర చెట్టు, అందులో ఉండే వింత జీవి టొటొరో. దీంట్లోనూ విలన్ లేడు. వేగం అసలే లేదు. టొటొరో దర్శనానికే దాదాపు అరగంట పడుతుంది.

ఈ సినిమా మీ ఇంటికి సరిపడుతుందా లేదా అని తేల్చుకోడానికి ఒక్క దృశ్యం చాలు, బస్‌స్టాప్ దృశ్యం. చీకటి పడింది, వాన. గొడుగు మరిచిపోయి వెళ్ళిన నాన్న కోసం అక్క గొడుగు పట్టుకుని నిలబడింది, నిద్రొచ్చిన చెల్లి వీపు మీద. బస్సు రాదు. పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. అక్క గొడుగు కొంచెం ఎత్తి చూస్తే ముందు పెద్ద పెద్ద గోళ్ళున్న కాళ్ళు, తర్వాత బొచ్చు, నెత్తి మీద ఒక చిన్న ఆకు. అక్క నాన్న గొడుగు దానికి ఇస్తుంది. కొమ్మ మీంచి ఒక చుక్క గొడుగు మీద టప్‌మని పడుతుంది. టొటొరో కళ్ళు పెద్దవవుతాయి. ఇంకో చుక్క. దానికి ఆ చప్పుడు నచ్చింది. ఒక్కసారి ఎగిరి దూకుతుంది, చెట్లమీద ఆగి ఉన్న నీళ్ళన్నీ దబదబా గొడుగు మీద పడతాయి. ఇదంతా కొన్ని నిమిషాలు, మాటలు దాదాపు లేవు. ఈ ఘట్టంలో మీ పిల్లాడు ముందుకి వంగి కూర్చుంటే జిబ్లీ సినిమాలన్నీ మీ ఇంటికి పనికొస్తాయి. దిండుతో తమ్ముణ్ణి కొట్టడం మొదలుపెడితే ఇంకో ఏడాది ఆగండి. అది సినిమా తప్పూ కాదు, పిల్లాడి తప్పూ కాదు.

జాగ్రత్తలు: చిన్నపిల్ల తప్పిపోయే ఘట్టంలో చెరువులో ఒక చెప్పు దొరుకుతుంది, అక్కడ నాలుగేళ్ళ పిల్లలకి ఏడుపొస్తుంది, "ఏం కాదులే" అని ముందే చెప్పేయడం మేలు. ఇంట్లో నిజంగానే ఎవరైనా ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఇది మందులా పనిచేయొచ్చు, గాయం కెలికినట్టూ ఉండొచ్చు. పిల్లని బట్టి చూసుకోండి. తండ్రీ కూతుళ్ళు కలిసి స్నానం చేసే దృశ్యం జపాన్ ఇళ్ళ మామూలు అలవాటు, అమ్మమ్మకి ముందే ఓ మాట చెప్పండి. భాష విషయానికొస్తే, పిల్లలకి ఇంగ్లిష్ డబ్బింగ్, పెద్దవాళ్ళే అయితే జపనీస్ ట్రాక్ మంచిది. అమ్మమ్మ ఏ ట్రాక్‌తో అయినా నెట్టుకొచ్చేస్తుంది, ఎందుకంటే ముఖ్యమైనదంతా బొమ్మలోనే ఉంది. ఒక హెచ్చరిక: యాప్ దీని పక్కనే అదే స్టూడియో నుంచి అదే 1988లో వచ్చిన ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ చూపించొచ్చు. జపాన్‌లో ఆ రెంటినీ కలిపే విడుదల చేశారు. కార్టూనే కదా అని పిల్లలకి పెట్టకండి. అది యుద్ధంలో ఆకలితో అల్లాడిన అన్నాచెల్లెళ్ళ కథ.

‘ది ఐరన్ జయంట్’ పెద్దపిల్లలకి. 1999, వార్నర్ బ్రదర్స్, బ్రాడ్ బర్డ్ మొదటి సినిమా. తర్వాత ‘ఇన్‌క్రెడిబుల్స్’, ‘రాటటూయ్’ తీసింది ఈయనే. విమర్శకులు మెచ్చుకున్నా స్టూడియో సరిగ్గా ప్రచారం చేయలేదు, థియేటర్లో ఖర్చు కూడా రాలేదు. టీవీలో, డిస్కుల్లో జనం తర్వాత కనిపెట్టుకున్నారు. అమెరికాలో ఒక చిన్న ఊరు, 1957. ఇనుము తినే యాభై అడుగుల మరమనిషి ఆకాశం నుంచి పడతాడు, తండ్రి లేని ఒక కుర్రాడు వాణ్ణి దాచిపెడతాడు. ఆయుధంగా పుట్టినవాడు ఆయుధంగా ఉండక తప్పదా అన్నదే సినిమా అడిగే ప్రశ్న. తొమ్మిదేళ్ళ పిల్లకి ఇది సూటిగా తగులుతుంది, ఉపదేశం వాసన రాదు. వేటగాళ్ళు జింకని చంపే దృశ్యం, ఆ తర్వాత చావు గురించి కుర్రాడు మరమనిషికి చెప్పే మాటలు ఉంటాయి. ఆ రాత్రి పడుకునేముందు ప్రశ్నలొస్తాయి, పది నిమిషాలు అట్టేపెట్టుకోండి. చరిత్ర ఒక్క ముక్క ముందే చెప్పాలి: 1957 అక్టోబరులో రష్యావాళ్ళు స్పుత్నిక్ పంపారు, ఆకాశం నుంచి ఏం పడుతుందోనని అమెరికావాళ్ళు భయపడ్డారు. ఇది చెప్పకపోతే ప్రభుత్వ ఏజెంటు ఎందుకంత వెర్రిగా ప్రవర్తిస్తున్నాడో పిల్లలకి అర్థం కాదు. సంభాషణలు ఎక్కువ, వేగం కూడా. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్ళతో కూర్చుని చూసే సినిమా కాదిది.

ఐర్లండ్ నుంచి వచ్చిన ‘సాంగ్ ఆఫ్ ది సీ’ (2014, 93 నిమిషాలు) వీటన్నిటికంటే అందమైనది. ప్రతి ఫ్రేమూ నీటిరంగుల బొమ్మే. తల్లి దూరమైన అన్నాచెల్లెళ్ళ కథ. దుఃఖాన్ని సీసాల్లో బంధించే ఒక ముసలమ్మ ఉంటుంది ఇందులో. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే పిల్లల కంటే ముందు మీరు చూడండి.

పెట్టేముందు టీవీ సంగతి

కొత్త టీవీల్లో కదలికల్ని నునుపు చేసే సెట్టింగు ముందే ఆన్ చేసి ఉంటుంది. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ అంటారు. చేత్తో గీసిన యానిమేషన్‌లో సెకనుకి 24 ఫ్రేములుంటాయి, చాలాచోట్ల ఒకే బొమ్మ రెండు ఫ్రేములు నిలుస్తుంది. టీవీ మధ్యలో లేని బొమ్మల్ని తనే కల్పించి దూరిస్తే టొటొరో బొచ్చు అంచులు జెల్లీలా వణుకుతాయి. ఆ సెట్టింగు పూర్తిగా తీసేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టినా చాలు.

మాటలు వినపడట్లేదు, సంగీతం మాత్రం చెవులు బద్దలు కొడుతోందంటే యాప్‌లో 5.1 ఆడియో (గది చుట్టూ స్పీకర్లున్నవాళ్ళ కోసం చేసిన ట్రాక్) ఎంపికై ఉంటుంది. టీవీ స్పీకర్లతో వినేవాళ్ళు మామూలు స్టీరియో ట్రాక్‌కి మార్చుకోవాలి. సబ్‌టైటిల్ అక్షరాలు పెద్దవి చేసి వెనక నల్ల పట్టీ పెట్టుకుంటే మంచు, పొగమంచు దృశ్యాల్లో కూడా చదవొచ్చు. నెట్‌ఫ్లిక్స్‌లో ఈ మార్పు బ్రౌజర్లో ప్రొఫైల్ సెట్టింగుల్లో ఒకసారి చేస్తే టీవీకి కూడా వస్తుంది. ఏ సినిమా ఏ యాప్‌లో ఉందో హక్కులతోపాటు మారిపోతుంటుంది. ఏది ఏ యాప్‌లో ఉందో చూపించే జస్ట్‌వాచ్ సైట్‌లో దేశం భారత్ అని పెట్టి ఆ వారమే వెతుక్కోండి, పాత సమాచారం నమ్మి చందా కట్టకండి. ఓటీటీల్లో పక్కన కనిపించే యు/ఎ 7+, 13+, 16+ గుర్తులు బూతుని, హింసని కొలుస్తాయి గానీ దిగులుని కొలవవు. పైన చెప్పిన జాగ్రత్తలు అందుకే.

సమయం విషయంలో ఒకే ఒక్క నియమం. ‘అమృతం’ వంట జరుగుతుండగా ఏడున్నరకే పెట్టొచ్చు. పోపు చప్పుడులో ఒక డైలాగు పోయినా ఇంకోటి వస్తుంది. ‘ఫ్లో’ మాత్రం అంట్లు తోమడం, మర్నాటి దోసెల పిండి రుబ్బడం అన్నీ అయ్యాక, మిక్సీ ఆగాక, అందరూ కూర్చున్నాకే. మాటల్లేని సినిమాని వంటింట్లోంచి వినడం కుదరదు. మధ్యలో పది నిమిషాలు లేచెళ్ళి వచ్చిన మనిషి "పడవలోకి ఈ పక్షెప్పుడొచ్చింది?" అని అడిగితే చెప్పడానికి మళ్ళీ మాటలే కావాలి.